రెండు వైపులా తిరిగే చక్రం

ఐదు వేల లీటర్ల నీళ్ల ట్యాంకరును వంద మీటర్ల ఎత్తున్న కొండ మీదికి తోలి, ఆ నీటినంతా గొట్టంలో కిందికి వదిలామనుకుందాం. ఎంత కరెంటు వస్తుంది? లెక్క ప్రకారం 1.36 యూనిట్లు. ఇంట్లో ఇస్త్రీపెట్టె గంటకు పైగా వాడితే అయిపోయేంత! ఇంత కాస్త శక్తి కోసం నీటిని కొండెక్కించడం ఎవరికైనా గిట్టుబాటవుతుందా? అవుతుంది, నీరు టీఎంసీల్లో ఉంటే. దశాబ్దాల పాటు ప్రపంచం దాచుకున్న కరెంటులో అత్యధిక భాగం ఇలా ఎత్తున నిలబెట్టిన నీరే.

స్విట్జర్లాండ్‌లోని షాఫ్‌హౌజెన్‌లో 1909 నాటికే ఈ పద్ధతి నడిచింది. ఆ తొలి రోజుల్లో నీటిని ఎక్కించే పంపు వేరు, దించేటప్పుడు తిరిగే టర్బైన్ వేరు. రెండు యంత్రాలకూ డబ్బు పెట్టాలి, ఏ సమయంలో చూసినా వాటిలో ఒకటి ఖాళీగా ఉంటుంది. ఒకే చక్రం రెండు పనులూ చేస్తే? ఫ్రాన్సిస్ టర్బైన్‌ను వెనక్కి తిప్పితే అది పంపే. దాని ఇరుసుకు బిగించిన జనరేటరుకు కరెంటు ఇస్తే అదే మోటారు. అమెరికాలోని నార్త్ కరోలినాలో హైవాసీ డ్యామ్ దగ్గర 1956లో అలిస్-చామర్స్ కంపెనీ నిలబెట్టిన యంత్రం ఈ ఆలోచనకు పెద్ద రూపం. ఆనాటికి ఈ రకం యంత్రాల్లో ప్రపంచంలో అదే అతి పెద్దది.

చెప్పినంత తేలిక కాదిది. పంపుకు నచ్చే రెక్క టర్బైన్‌కు నచ్చదు. అందుకే ఈ చక్రానికి రెక్కలు తక్కువ, పొడవు ఎక్కువ. దేనికీ నూటికి నూరు పాళ్లు సరిపోని రాజీ రూపం. పైగా పంపుగా తిరిగేటప్పుడు చక్రం కింది మడుగు నీటిమట్టం కన్నా బాగా లోతున మునిగి ఉండాలి. లేకపోతే పీల్చే చోట ఒత్తిడి పడిపోయి, నీటిలో ఆవిరి బుడగలు పుట్టి పగులుతాయి, ఉక్కు రెక్కలను కొరికేస్తాయి. కింద నీరు నిలవని చోట ఈ యంత్రం సగం యంత్రమే. ఈ సంగతి కృష్ణా నది మనకు బాగా నేర్పింది.

నాగార్జునసాగర్ ప్రధాన విద్యుత్ కేంద్రంలో ఎనిమిది యూనిట్లున్నాయి. 1978లో వచ్చిన 110 మెగావాట్ల మొదటిది మామూలు టర్బైన్. తర్వాత 1985 నాటికి వచ్చిన ఏడూ, ఒక్కొక్కటి 100.8 మెగావాట్లు, రెండు వైపులా తిరిగేవి. ఎంత ముందుచూపు! కానీ వదిలిన నీటిని దిగువన పట్టి ఉంచే టెయిల్‌పాండ్ ఆనకట్ట 2010ల దాకా పూర్తికాలేదు. తిరిగి పైకి తోడటానికి కింద నీరుంటే కదా! డబ్బు పోసి కొన్న రెండో గుణం అన్నేళ్లూ చాలావరకు వాడకుండా ఉండిపోయింది. 2014లో రాష్ట్రం రెండయ్యాక విద్యుత్ కేంద్రం తెలంగాణకు, టెయిల్‌పాండ్ ఆంధ్రప్రదేశ్‌కు వచ్చాయి. ఒకే యంత్రానికి తల ఒకరి దగ్గర, కాళ్లు ఒకరి దగ్గర.

ఇంతలో లోకంలో ఈ యంత్రం దినచర్యే తలకిందులైంది. మొదట్లో దాని పని రాత్రిపూట తోడటం: ఊళ్లు నిద్రపోయినా బొగ్గు, అణు కేంద్రాలను ఆపడం కుదరదు కాబట్టి. వేల్స్‌లో పలకరాయి కొండను తొలిచి 1984లో ప్రారంభించిన డినోర్విగ్ కేంద్రం, బ్రిటన్‌లో టీవీ కార్యక్రమం అయిపోగానే జనమంతా ఒక్కసారిగా టీకి నీళ్లు పెట్టుకునే క్షణాల్లో ఆదుకునేది. ఇప్పుడు సౌర పలకల వల్ల కరెంటు చవకయ్యేది మిట్టమధ్యాహ్నం. పొద్దు గుంకాక, వంటలూ ఏసీలూ మొదలయ్యే వేళకు కరువు. మన విద్యుత్ ఎక్స్ఛేంజీల్లో పగలు యూనిట్ రెండు మూడు రూపాయలకు దిగిన రోజే, రాత్రి 10 రూపాయల గరిష్ఠ పరిమితిని తాకిన సందర్భాలున్నాయి.

ఈ తేడాయే నిల్వకు ఆదాయం. మధ్యాహ్నం యూనిట్ 3 రూపాయల చొప్పున నూరు యూనిట్లతో నీరు తోడితే, సాయంత్రం తిరిగొచ్చేది 75 నుంచి 80. అంటే యూనిట్ దాదాపు 4 రూపాయలు పడింది. 8 రూపాయలకు అమ్మితే మిగిలిన 4 రూపాయల్లోంచే సొరంగాల ఖర్చు, వడ్డీ, జీతాలు రావాలి. ఇంకో చిక్కు: నిల్వ కేంద్రాలు పెరిగే కొద్దీ మధ్యాహ్నం కొనేవాళ్లు, సాయంత్రం అమ్మేవాళ్లు పెరుగుతారు. ధరల తేడా తగ్గుతుంది. వినియోగదారుడికి మేలే, అప్పు తెచ్చి కట్టినవాడికి గుండె దడ.

అటు బ్యాటరీలు తరుముతున్నాయి. 2022లో జరిగిన కేంద్ర టెండరులో రెండు గంటల బ్యాటరీకి మెగావాటుకు నెలకు 10.8 లక్షల రూపాయలు పలికింది. మూడేళ్లు తిరక్కుండానే, ప్రభుత్వ సాయం తోడై, కొన్నిచోట్ల అది రెండున్నర లక్షల లోపుకు దిగింది. రెండు మూడు గంటల నిల్వకు బ్యాటరీదే పైచేయి అవుతుందని నా అంచనా. ఆరేడు గంటలు, నలభై యాభై ఏళ్లు అనుకుంటే నీటి వైపే మొగ్గుతాను. రాయలసీమలో పిన్నాపురం దగ్గర నదికి దూరంగా గ్రీన్‌కో కట్టిన 1,680 మెగావాట్ల కేంద్రం ఆ నమ్మకం మీదే లేచింది. రెండు జలాశయాల మధ్య అదే నీరు పైకీ కిందికీ తిరుగుతుంది.

కొత్త కొండలు తొలిచే ముందు ఉన్నవాటిని పూర్తిగా వాడాలని నాకు గట్టిగా అనిపిస్తుంది. సాగర్‌లో ఏడు, శ్రీశైలం ఎడమగట్టున భూగర్భంలో 150 మెగావాట్లవి ఆరు, అన్నీ రెండు వైపులా తిరిగేవే. కరెంటు కోసం నీళ్లు కిందికి వదిలేస్తున్నారన్నది ఎగువ, దిగువ రాష్ట్రాల మధ్య ఏటా రగిలే తగాదా. రాత్రి దింపిన నీటిని మర్నాడు ఎండ కాసే వేళ అంతకంతా పైకి తోడితే, నదికి ఖర్చయ్యేది ఆవిరైనంతే. దానికి కావలసినవి రెండు రాష్ట్రాల విద్యుదుత్పత్తి సంస్థల (జెన్‌కోల) మధ్య ఉమ్మడి గంటల పట్టిక, నీటి లెక్క రాసే ఒక ఖాతా.