వేడినీటి బుగ్గలు చూడబోయే ముందు

భూమి లోపల వేడి ఉందని పాఠాల్లో చదువుకున్నాం గదా! అది నిజమో కాదో చూడాలంటే కొత్తగూడెంలో రైలు దిగి, బస్సులో సుమారు 40 కిలోమీటర్లు పోయి భద్రాచలం చేరాలి. ఆ పక్కనే గోదావరి ఒడ్డున గుండాల ఉన్నది. చలికాలంలో ఏరు తగ్గాక అక్కడ ఇసుక తవ్వితే వేడినీరు ఊరుతుంది. మణుగూరు దగ్గర పగిడేరులో బొగ్గు కోసం వేసిన బోరులోంచే వేడినీరు ఉబికింది.

ఇక్కడ అగ్నిపర్వతాలు లేవు. నేల పగుళ్ళలోంచి చాలా లోతుకు దిగిన నీరు అక్కడి వేడికి కాగి పైకి వస్తుంది. ఉత్తరాన ఉన్న ఐస్‌లాండ్ దీవిలోనయితే అగ్నిపర్వతాలే ఉన్నాయి. అక్కడ స్ట్రోకుర్ అనే బుగ్గ కొద్ది నిమిషాలకొకసారి మరిగే నీటిని తాటిచెట్టంత ఎత్తుకు చిమ్ముతుంది! పదిళ్ళలో తొమ్మిదింటికి భూమిలోని వేడే వెచ్చదనం ఇస్తుంది. అయినా చూడబోయేవారికి వేసవిలో కూడా ఉన్నిబట్టలు కావాలి.

ఎక్కడి బుగ్గల దగ్గరకు వెళ్ళినా ఈ జాగ్రత్తలు మరవకండి. పెద్దవాళ్ళ తోడు లేకుండా పోరాదు. కట్టిన తాడు దాటరాదు; గట్టిగా కనిపించే నేల కిందనే నీరు మరుగుతూ ఉండవచ్చు. గాలి వీపు వైపునుంచి వీచేటట్టు నిలబడితే ఆవిరి మీదికి రాదు. నీటిలో చెయ్యి పెట్టి వేడి చూడరాదు. ఒకవేళ చెయ్యి కాలితే వెంటనే 20 నిమిషాలపాటు చన్నీళ్ళు ధారగా పోసి, వైద్యుడి దగ్గరకు తీసుకుపోవాలి.