అయిదు ఫంక్షన్ల డీబీఎం

వానాకాలం వస్తే భద్రాచలంలో అందరి నోటా ఒకటే మాట: ఎన్ని అడుగులుంది? గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టు 16న నది 75.6 అడుగులకు ఎగబాకింది. 2022 జూలై 16న 71.3 అడుగులు. ఈ లెక్కలు కంప్యూటర్‌లో దాచడానికి పెద్ద హంగు అక్కర్లేదు. తేదీ కీ, అడుగులు వాల్యూ. తేదీ చెబితే అడుగులు రావాలి, అంతే. ఇలాంటి జతల్ని డిస్కు మీద పెట్టి, అడగ్గానే తీసిచ్చే ఏర్పాటే కీ-వాల్యూ స్టోరేజీ.

బెల్ ల్యాబ్స్ 1979లో విడుదల చేసిన యూనిక్స్ ఏడో వెర్షన్‌లో కెన్ థాంప్సన్ రాసిన డీబీఎం అనే చిన్న లైబ్రరీ ఉంది. ఫైల్ తెరిచే ఫంక్షన్‌ని పక్కనపెడితే ప్రోగ్రామర్‌కి అందులో కనిపించేవి అయిదే: స్టోర్, ఫెచ్, డిలీట్, ఫస్ట్‌కీ, నెక్స్ట్‌కీ. కీలోని అక్షరాలను డీబీఎం లెక్కకట్టి ఒక సంఖ్యగా మారుస్తుంది. దాన్నే హాష్ అంటారు. జత ఏ బ్లాకులో ఉందో ఆ సంఖ్యే చెబుతుంది. అందుకే ఫైల్ ఎంత పెరిగినా ఒకటి రెండు సార్లు డిస్కు చదివితే సరిపోయేది. ఇబ్బందులూ లేకపోలేదు. ఒక ప్రోగ్రాం ఒక్క డేటాబేస్‌నే తెరవగలదు. కీ, వాల్యూ కలిపి 512 బైట్లు దాటకూడదు. బర్క్‌లీ వాళ్ల ఎన్‌డీబీఎం మొదటి ఇబ్బంది తీర్చింది. 1991లో మార్గో సెల్ట్‌జర్, ఓజాన్ యిగిట్ ప్రకటించిన కొత్త హాష్ పద్ధతి బర్క్‌లీ డీబీలోకి వచ్చింది.

లోపలి యంత్రాంగం ఇన్నిసార్లు మారినా పైకి కనిపించే ఫంక్షన్లు దాదాపు అవే ఉండిపోవడం నాకు గొప్పగా అనిపిస్తుంది. పైథాన్‌లోని డీబీఎం మాడ్యూల్‌నే చూడండి. అడుగున ఎన్‌డీబీఎం ఉన్నా, గ్నూ వాళ్ల జీడీబీఎం ఉన్నా ప్రోగ్రామర్ రాసేది ఒకే తీరు. 2024 అక్టోబరులో వచ్చిన పైథాన్ 3.13 కొత్త ఫైళ్లకు ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్‌ని అడుగున పెట్టింది. జతను దాచే తీరు, తీసే తీరు మాత్రం మారలేదు.

కానీ హాష్‌కి వరుసక్రమం తెలియదు. నెక్స్ట్‌కీ అని అడిగితే మర్నాటి తేదీ వస్తుందన్న నమ్మకం లేదు, ఏదో ఒక కీ వస్తుంది. వరద లెక్కకు అది చాలదు. నీళ్లు ఎప్పుడు పెరగడం మొదలైంది, ఎప్పుడు తగ్గింది అన్నది తెలియాలంటే కీలు వరుసలో ఉండాలి. ఆ పని బీ-ట్రీలు అనే అమరికలు చేస్తాయి. గూగుల్‌లో జెఫ్ డీన్, సంజయ్ ఘేమావత్ రాసి 2011లో అందరికీ ఇచ్చిన లెవెల్‌డీబీ కూడా చేస్తుంది. ఫేస్‌బుక్ రాక్స్‌డీబీ దాన్నుంచి పుట్టిందే.

అయితే లెవెల్‌డీబీ మామూలుగా పేర్చేది బైట్ల వరుసలో, కాలం వరుసలో కాదు. మనం రాసుకునే అలవాటు ప్రకారం కీలు 16-07-2022, 16-08-1986 అని పెట్టామనుకోండి. ఎడమ నుంచి పోలుస్తూ వస్తే మొదటి తేడా 7, 8 దగ్గర వస్తుంది. 7 చిన్నది కాబట్టి 2022 వరద 1986 వరద కంటే ముందు నిలబడుతుంది! 1986-08-16, 2022-07-16 అని తిరగేసి రాస్తే సమస్యే లేదు. కీ ఎలా రాయాలన్నది ప్రోగ్రామర్ మొదటి రోజే తేల్చుకోవాలి. లక్షల జతలు చేరాక మార్చడం కష్టం.

భద్రాచలం దగ్గరి చర్ల, దుమ్ముగూడెం వైపు అడవి ఊళ్లలో సిగ్నల్ అందని చోటా కీ-వాల్యూ స్టోరేజీ పనికొస్తుంది. అందుకు తగ్గట్టు తయారుచేసిన వెబ్ ఫారం ఫోన్ క్రోమ్‌లో నింపితే, వివరాలు బ్రౌజర్‌లోని ఇండెక్స్‌డ్‌డీబీలో ఆగుతాయి. క్రోమ్ దాని అడుగున వాడుతూ వచ్చింది లెవెల్‌డీబీనే. సిగ్నల్ దొరికాక అక్కణ్ణుంచి సర్వర్‌కి పంపుకోవచ్చు.

ఇంకో చిక్కుంది. 53 అడుగులు దాటిన రోజులేవి అని అడిగితే తేదీల కీలు నేరుగా జవాబివ్వవు, మొత్తం చదవాల్సిందే. అలా చదవక్కర్లేకుండా అడుగులు ముందు, తేదీ వెనక కలిపిన కీతో రెండో జత కూడా రాసి పెట్టుకుంటారు. అక్కడా 9.5ని 09.5 అని రాయాలి, లేకపోతే అది 53 తర్వాతకు పోతుంది. ఒక జత రాశాక కరెంటు పోయి రెండోది పడకపోతే రెండు లెక్కలూ కలవవు. అందుకే లెవెల్‌డీబీలో రైట్‌బ్యాచ్ పెట్టారు: పడితే రెండు జతలూ పడతాయి, లేదంటే రెండూ పడవు.