ఒకే తీగ – రెండు బ్యాండ్లు: ఆరుబయట హామ్ రేడియో



లైసెన్సు పొందిన ఔత్సాహికులు, లాభాపేక్ష లేకుండా, సొంత రేడియోలతో దేశ విదేశాల వారితో మాట్లాడుకోవడమే హామ్ రేడియో. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు అండమాన్‌లో టెలిఫోన్లు మూగబోయాయి. అప్పటికే హామ్ ప్రసారాల కోసం పోర్ట్ బ్లెయిర్ వెళ్లి ఉన్న భారతి ప్రసాద్ బృందం అక్కడి సమాచారాన్ని బయటి ప్రపంచానికి అందించింది. ఆ యాత్రను ఏర్పాటు చేసింది మన హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో.

రేడియో ఖరీదైనదే. కానీ దాని మాటను గాలిలోకి పంపే ఏంటెన్నాను మాత్రం మామూలు రాగి తీగతో మనమే తయారు చేసుకోవచ్చు.

ముందు లెక్క చూద్దాం. 300ను ఫ్రీక్వెన్సీతో (మెగాహెర్ట్జ్‌లలో) భాగిస్తే తరంగదైర్ఘ్యం మీటర్లలో వస్తుంది. అందులో సగం పొడవున్న తీగను మధ్యలో కత్తిరించి, అక్కడ కేబుల్ కలిపితే అది డైపోల్. ఆచరణలో తీగ సుమారు 5 శాతం తక్కువ ఉండాలి. కనుక 143ను ఫ్రీక్వెన్సీతో భాగిస్తే చాలు. 14.1కి మొత్తం 10.14 మీటర్లు, అంటే ఒక్కో వైపు 5.07. అదే 7.1కి ఒక్కో వైపు 10.07.

మరి 7.1కి కట్టిన తీగ 14.1కి పనికిరాదా? రాదు. అప్పుడు మధ్యలో నిరోధం వేల ఓమ్‌లకు పెరుగుతుంది. 50 ఓమ్‌ల కేబుల్‌లో వచ్చిన శక్తిలో చాలా భాగం వెనక్కి తిరిగిపోతుంది. దీనికి ఉపాయం: ఒక్కో వైపు 5.07 మీటర్ల దగ్గర తీగను తెంపి, రెండు కొసలనూ చిన్న పీవీసీ పైపు ముక్కకు కట్టాలి. ఆ కొసలను క్రొకొడైల్ క్లిప్పుతో కలిపితే 7 మెగాహెర్ట్జ్, విడదీస్తే 14. దీన్నే లింక్డ్ డైపోల్ అంటారు.

ప్రతి ముక్కనూ లెక్కకన్నా 15 సెంటీమీటర్లు ఎక్కువే ఉంచండి. తెగిన తీగ మళ్లీ పెరగదు కదా! మా నాన్న తాపీ మేస్త్రీ. కొలిచాకే కోయాలన్నది ఆయన దగ్గర నేర్చుకున్నదే. సుమారు 7 మీటర్ల వెదురు బొంగుపై మధ్యభాగాన్ని నిలిపి, రెండు చివరలనూ నైలాన్ తాడుతో తలకు తగలనంత ఎత్తులో ఏటవాలుగా కట్టండి. మొదట క్లిప్పులు తీసి, ఎస్.డబ్ల్యూ.ఆర్. మీటరు చూస్తూ, 14.1కి లోపలి ముక్కలను రెండు వైపులా సమానంగా కత్తిరించాలి. తర్వాతే క్లిప్పులు పెట్టి 7.1కి బయటి ముక్కలను సరిచేయాలి. ఈ వరుస తప్పకూడదు. ఎందుకంటే లోపలి ముక్క రెండు బ్యాండ్లకూ ఉమ్మడి. మీటరు 1.5 లోపు చూపితే చాలు.

సాధారణంగా పగటిపూట దూరదేశాలకు 14, మన రాష్ట్రాలతో మాట్లాడటానికి 7 అనుకూలం. రాత్రిపూట 7 కూడా దూరం వెళ్తుంది.

జాగ్రత్తలు: కరెంటు తీగల దరిదాపుల్లో కట్టవద్దు. ఉరుములు వినబడితే వెంటనే దించేయాలి. ప్రసారం చేస్తుండగా తీగను, ముఖ్యంగా చివరలను, ముట్టుకోరాదు. లైసెన్సు లేకుండా ప్రసారం చేయడం నేరం; పరీక్ష రాసి దాన్ని పొందాలి.

మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనే మొదట. ఎలక్ట్రానిక్స్ డబ్బున్నవాళ్ల చదువని చాలామంది చెప్పగా విన్నాను. ఈ ఏంటెన్నాకు కావలసింది ఒక భాగహారం, ఒక టేపు, కొంచెం ఓపిక. ఆ మూడూ మన హాస్టల్లో ఉన్నాయి.

– పూర్వ విద్యార్థి, ఎం.ఎస్సీ. (ఎలక్ట్రానిక్స్)