పట్టణాలలో పందుల పెంపకం: ఎరుకల కుటుంబాల అభివృద్ధి, స్థలసమస్య

ఉపోద్ఘాతం

తెలుగు పట్టణాలలో పందుల ప్రస్తావన సాధారణంగా ఫిర్యాదుతోనే మొదలవుతుంది. పురపాలక సంఘానికి వినతిపత్రం అందుతుంది. కొన్నాళ్ళకు పందులను పట్టే బృందం వస్తుంది. పట్టినవాటిని ఊరికి దూరంగా తరలిస్తారు. ఆ పందులకు యజమానులున్నారనీ, అవి ఆ కుటుంబాలు కూడబెట్టుకున్న సొమ్మనీ ఈ క్రమంలో గుర్తించడం అరుదు. ఈ యజమానులలో ఎరుకలవారు ముఖ్యులు. వారి సముదాయ అభివృద్ధికి పెట్టుబడి కొరత కంటే స్థలం కొరతే పెద్ద అవరోధమని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

వృత్తి నేపథ్యం

ఎరుకలవారు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలు రెండింటిలోనూ షెడ్యూల్డు తెగ. వీరి ఉపశాఖల పేర్లలోనే వృత్తులు కనిపిస్తాయి. వెదురు దబ్బలతో బుట్టలల్లేవారు దబ్బ ఎరుకలు; నేతపనికి కావలసిన కుంచెలు చేసేవారు కుంచె ఎరుకలు; ఉప్పు, కరివేపాకు ఊరూరా తిప్పి అమ్మినవారికి ఆ సరుకుల పేర్లే వచ్చాయి. రైలుమార్గాలు వచ్చాక ఉప్పు రవాణా దెబ్బతిన్నది. 1911 నాటి నేరస్థ తెగల చట్టం మద్రాసు రాజధానికి కూడా వర్తించడంతో వీరి సంచారంపైనే ఆంక్షలు వచ్చాయి. సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో నడిచిన స్టువర్టుపురం సెటిల్మెంటు ఆ చరిత్రకు గుర్తుగా నేటికీ ఉంది. 1952లో చట్టం రద్దయింది కాని, తిరుగుతూ బతికిన కుటుంబాలలో అధిక భాగానికి సేద్యపు భూమి దక్కలేదు. భూమి లేకుండా పెంచగలిగిన పశువు పంది. అందుకే అది వారి వెంట పట్టణాలలోకీ వచ్చింది.

ఈ పెంపకం లెక్క సరళమైనది. ఆడపంది గర్భకాలం సుమారు 114 రోజులు. మేత సక్రమంగా అందితే ఏడాదికి రెండు ఈతలు సాధ్యం. మేతకు హోటళ్ళ కుడితి, కూరగాయల సంతలో మిగిలిన ఆకు అలము, కొంత తవుడు. బడి ఫీజో, ఆసుపత్రి ఖర్చో, పెళ్ళో ఎదురైనప్పుడు ఒకటి రెండు పందులను అమ్ముతారు. కాబట్టి దీనిని మాంసోత్పత్తి పరిశ్రమగా కాక, ముందుగా కుటుంబ పొదుపుగా అర్థం చేసుకోవాలి. నాలుగైదు తల్లిపందులున్న ఇంటిని చిన్న పరిశ్రమగా భావించి రూపొందించిన పథకాలు విఫలం కావడానికి ఇది ఒక కారణమని నా అభిప్రాయం.

ఆరోగ్య సమస్య

పట్టణవాసుల ఆందోళనను కొట్టిపారేయడానికి వీలులేదు. జపనీస్ మెదడువాపు వ్యాధి వైరస్ పంది శరీరంలో విస్తారంగా వృద్ధి చెందుతుంది. అయితే అది పంది నుంచి మనిషికి నేరుగా సోకదు. వరిపొలాలలో, నిలవనీటిలో పెరిగే క్యూలెక్స్ దోమలు దానిని మోస్తాయి. బద్దెపురుగు సంగతి వేరు. ఆ పురుగు ఉన్న మనిషి మలాన్ని తిన్న పందికి అది సంక్రమిస్తుంది. అంటే అక్కడ లోపం మరుగుదొడ్డి లేకపోవడంలోనూ ఉంది. ఏ విధంగా చూసినా వీధిలో వదిలిన పంది ప్రమాదకరమే. దానిని దొడ్డిలో ఉంచి పెంచాలి. ఇంతవరకు అధికారులూ పెంపకందారులూ ఏకీభవిస్తారు. దొడ్డి ఎవరి స్థలంలో కట్టాలన్నదే తేలదు.

పథకాలు

2021లో సవరించిన జాతీయ పశుసంపద మిషన్ పందుల యూనిట్‌ను 100 తల్లిపందులు, 10 మగపందులుగా నిర్ణయించింది. మూలధనంలో 50 శాతం, గరిష్ఠంగా 30 లక్షల రూపాయలు రాయితీ. మిగిలిన సగం దరఖాస్తుదారు తెచ్చుకోవాలి. షెడ్డుకు స్థలం చూపాలి. గుడిసెకే పట్టా లేని కుటుంబానికి ఈ యూనిట్‌ను సగానికి తగ్గించినా అందదు. అయితే స్వయంసహాయక సంఘాలు, రైతు ఉత్పత్తిదారుల సంఘాలు కూడా ఇందుకు అర్హులే. ఇరవై ఐదు కుటుంబాలు తమ నాలుగేసి పందులతో ఒకచోట చేరితే యూనిట్ పూర్తవుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో ఎరుకల సాధికారత పథకాన్ని ప్రకటించినప్పుడు సహకార సంఘాలకు చోటు కల్పించడం ఈ దిశలో సరైన ఆలోచన.

దేశంలో పందుల సంఖ్య 2012, 2019 పశుగణనల మధ్య సుమారు 12 శాతం తగ్గి 90.6 లక్షలకు చేరింది. ఆ మరుసటి ఏడాదే ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ అస్సాం, అరుణాచల్ ప్రదేశ్‌లలో తొలిసారి బయటపడింది. ఇది మనుషులకు సోకదు; పందులకు మాత్రం మృత్యుసమానం. పంది మాంసపు తునకలు కలిసిన కుడితి దీనిని వ్యాపింపజేసే మార్గాలలో ఒకటి. కుడితిని కలియబెడుతూ 90 డిగ్రీల సెల్సియస్ వద్ద కనీసం గంటసేపు కాచాలని ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ ప్రమాణం. కట్టెలపొయ్యి మీద ప్రతి ఇంటా రోజూ ఇది జరిగే పని కాదు. ఉమ్మడి కాగు, ఉమ్మడి ఇంధనం ఉంటే జరుగుతుంది. వ్యర్థాలు అధికంగా వెలువరించే హోటళ్ళు తడిచెత్తను వేరుచేయాలని 2016 నాటి ఘనవ్యర్థ నిర్వహణ నియమాలు నిర్దేశించాయి. ఆ తడిచెత్తను సంఘానికి అప్పగించే ఒప్పందం పురపాలికకూ లాభమే.

ఈ లాభం ఎంతటిదో కైరో నగరానికి నష్టపోయాక తెలిసింది. అక్కడ జబ్బాలీన్ అనే సముదాయం ఇంటింటి చెత్త సేకరించి, అందులోని ఆహారవ్యర్థాలతో పందులను పెంచేది. 2009లో ఫ్లూ భయంతో ఈజిప్టు ప్రభుత్వం దాదాపు మూడు లక్షల పందులను వధించాలని ఆదేశించింది. ఆ ఫ్లూ మనుషుల మధ్య వ్యాపిస్తున్నదే తప్ప పందుల వధతో ఆగేది కాదని అంతర్జాతీయ నిపుణులు చెప్పినా ఆదేశం అమలైంది. కొద్ది నెలల్లోనే వీధులలో తడిచెత్త గుట్టలుగా పేరుకుంది.

స్థలం ఎంపిక

ఊరికి చాలా దూరంగా స్థలమిస్తే కుడితి మోసే ఖర్చు పంది ధరను మించుతుంది. రోజుకు రెండు పూటలా మేత పెట్టేది ఎక్కువగా స్త్రీలు. వారు నడిచో, ట్రాలీ ఆటోలోనో చేరగలిగిన దూరమే తగిన దూరం. దోమల దృష్ట్యా ఇళ్ళకూ, వరిమడులకూ ఎడం ఉండాలి. మురుగు పోయే దారి, బోరు, టీకాలు వేయడానికి పశువైద్యుడు వచ్చే బాట, తనిఖీతో కూడిన చిన్న వధశాల ఆ స్థలంలోనే కావాలి. కౌలుపత్రం సంఘం పేరున, అందులో స్త్రీల పేర్లతో సహా, బ్యాంకు అప్పు తీరేందుకు పట్టే కాలానికి తగ్గకుండా ఇవ్వాలి. ఏడాదికోసారి పునరుద్ధరించే అనుమతిపత్రాన్ని నమ్మి ఎవరూ సిమెంటు గచ్చు పోయించరు.