రొయ్య వెంట వెళ్లే చలి

భీమవరం పక్క చెరువులో పట్టిన వనామి రొయ్య అమెరికాలో ఒకరి వంటింటికి చేరాలంటే నెల పైనే పడుతుంది. అందులో వారాల తరబడి ఓడలోనే. ఇంత దూరం పాడవకుండా ఎలా వెళ్తుందని అడిగితే ఫ్రీజర్లో పెడతారు కదా అంటాం. ఫ్రీజర్ చేసేది ఒక్కటే పని: ఉన్నదాన్ని ఉన్నచోట ఆపడం. మైనస్ 18 డిగ్రీల దగ్గర సూక్ష్మజీవులు పెరగడం మానేస్తాయి గానీ, అన్నీ చచ్చిపోవు. అప్పటికే మెత్తబడిన రొయ్య మెత్తగానే గడ్డకడుతుంది.

అందుకే అసలు కథ చెరువు గట్టు మీదే మొదలవుతుంది. రొయ్య తలలో దాని ఆహారాన్ని అరిగించే ఎంజైములు ఉంటాయి. ప్రాణం పోగానే అవి సొంత కండనే కరిగించడం మొదలుపెడతాయి. పట్టిన వెంటనే ఐసు నీళ్లలో ముంచేది ఇందుకే. కిలో ఐసు కరగడానికి దాదాపు 80 కిలోకేలరీల వేడిని లాగేసుకుంటుంది. అదే కిలో నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి ఒక్క కిలోకేలరీ చాలు. ఐసు బలమంతా ఆ కరగడంలోనే ఉంది. పెద్ద దిమ్మ పక్కన పెడితే లాభం తక్కువ. దంచి, ఒక వరస ఐసు, ఒక వరస రొయ్య చొప్పున వేస్తేనే అన్ని వైపులా తగులుతుంది. మే నెల ఎండలో కాటా దగ్గర లారీ కోసం గంటసేపు ఆగిన సరుకు పోగొట్టుకున్న తాజాదనాన్ని ఆ తర్వాత ఎంత ఖరీదైన యంత్రమూ తిరిగి తేలేదు.

చెరువు నుంచి సరుకు చేరే ప్రాసెసింగ్ ప్లాంటులో వేగం ముఖ్యం. కండలోని నీరు ఎక్కువ భాగం సున్నాకీ మైనస్ 5కీ మధ్య గడ్డకడుతుంది. ఆ దశ నిదానంగా సాగితే పెద్ద పెద్ద మంచు స్ఫటికాలు ఏర్పడి కణాల పొరలను చీల్చేస్తాయి. కరిగాక నీరంతా కారిపోయి, రొయ్య పీచుగా మిగులుతుంది. బ్లాస్ట్ ఫ్రీజర్లో మైనస్ 35, 40 డిగ్రీల గాలి వీచేది ఆ దశను త్వరగా దాటించడానికే. తర్వాత పైన పల్చటి నీటి పొర పట్టిస్తారు. ఎండబెట్టినట్టు అయిపోకుండా అది కాపాడుతుంది.

ఇక కంటైనర్. సరుకును గడ్డకట్టించే శక్తి దానికి లేదు. గడ్డకట్టి వచ్చినదాన్ని అలాగే నిలబెడుతుంది, అంతే. చల్లగాలి నేలలోని గాడుల గుండా వచ్చి పైకి లేస్తుంది. లోపలి గోడ మీద గీసిన ఎత్తు గీత దాటి పెట్టెలు పేరిస్తే ఆ గాలికి దారి ఉండదు. నడిచే యంత్రం కన్నా నాకు చేతులు మారే చోట్లంటేనే భయం: ప్లాంటు తలుపు దగ్గర, విశాఖ రేవులో ప్లగ్గు తీసి మళ్లీ పెట్టే వేళ, అవతలి గోదాము ముందు. అందుకే ఉష్ణోగ్రతను ఎప్పటికప్పుడు రాసిపెట్టుకునే చిన్న పరికరాన్ని పెట్టెల మధ్య ఉంచుతారు.

ఈ జాగ్రత్త రుచి కోసమే అనుకోకూడదు. ట్యూనా లాంటి చేపలు వెచ్చబడితే బ్యాక్టీరియా వల్ల హిస్టమిన్ తయారవుతుంది. అది గడ్డకట్టించినా పోదు, వండినా పోదు.

మన ఇంటి పార్సిల్‌కూ ఇవే సూత్రాలు. బస్సులో హైదరాబాద్‌కు చేపలు పంపేటప్పుడు ముందురోజే రాయిలా గడ్డకట్టించండి. మందపాటి థర్మోకోల్ పెట్టెలో సందు లేకుండా సర్ది, ఖాళీ మిగిలితే కాగితాలు కుక్కండి. డ్రై ఐసు వాడితే మాత్రం గాలి చొరబడకుండా మూయకండి. అది కార్బన్ డయాక్సైడుగా మారి ఉబ్బి, పెట్టెను పగలగొట్టగలదు. వట్టి చేత్తో తాకనూ కూడదు. అందుకున్నవాళ్లు విప్పగానే తాకి చూడాలి. ఇంకా లోపల మంచు పలుకులుంటే ఫ్రీజర్లో పెట్టవచ్చు, రుచి కొంత తగ్గుతుంది. పూర్తిగా కరిగినా ఫ్రిజ్‌లో పెట్టినంత చల్లగా ఉంటే వెంటనే వండుకోవచ్చు. గోరువెచ్చబడి ఎంతసేపైందో తెలియకపోతే, వాసన బాగానే ఉన్నా పారేయండి.