వంతు తప్పని యంత్రములు

నిజాంసాగరు నీటిని వంతులవారీగా వాడుకొను బాన్సువాడ రైతు సోదరులకు వంతు విలువ తెలియనిది కాదు. 2019 సంవత్సరమున అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయము, మాసచూసెట్సు సాంకేతిక విద్యాసంస్థల శాస్త్రజ్ఞులు ఆ నీతినే యంత్రములయందు జూపిరి. జీవకణములను బోలిన యీ గుండ్రని రోబోట్లు ఉబ్బుట, ముడుచుకొనుట మాత్రమే యెఱుగును. ఒంటరిగా నేదియు ముందునకు సాగజాలదు. అయస్కాంతములచే నంటుకొని, దీపమునకు దగ్గఱిది ముందు, దూరపుది పిదప, వంతు ప్రకార ముబ్బి ముడుచుకొనగా, ఇరువదికి పైబడిన గుంపు దీపమువైపు నడచెను. అందు పెత్తనము చేయునది లేదు. ఐదవవంతు చెడినను గుంపు ఆగదు. కాని వేగము రమారమి సగమగును. మన సంఘమునందును అంతియే: గడువునకు అప్పు తీర్చని సభ్యునివలన సంఘము కూలకపోవచ్చును, విత్తనములకై వేచియున్న పొరుగువాని అప్పు మాత్రము ఆలస్యమగును.