పరుపొక్కటే చాలదు

మా యింటి పెద్దలొకరు పక్షవాతముతో మంచము పట్టినప్పుడు, తార్నాకలోని మా యింటికి గాలి పరుపు తెప్పించితిమి. ఇక భయము లేదనుకొంటిమి. నాలుగవ దినమున దుప్పటి మార్చుచుండగా మడమపై పావలా కాసంత ఎఱ్ఱని మచ్చ కనబడినది. వ్రేలితో నొక్కి తీసినను తెల్లబారలేదు. పడకపుండునకు అదియే తొలి మెట్టు.

ఎముకకును పరుపునకును నడుమ చిక్కిన కండలో సన్నని రక్తనాళములు నొక్కుకొనిపోయి నెత్తు రందదు. నడుము క్రిందిభాగము, తుంటి, మడమలు, మోచేతులు, తల వెనుకభాగము ప్రతిదినము చూడవలసిన తావులు. నల్లని మేనిపై ఎఱుపు తెలియకపోవచ్చును. వెచ్చదనమును, గట్టిదనమును చేతితో తాకి గుర్తింపవలెను.

గాలి పరుపులో అరలు మార్చి మార్చి ఉబ్బుచు, తగ్గుచు ఒత్తిడిని ఒకచోట నిలువనీయవు. కాని దానిపై బొంతలు పరచినచో ఫలితము పోవును. పలుచని దుప్పటి యొక్కటి చాలును. రోగి నడుము క్రింద, పరుపు అడుగున అరచేయి చొనిపి చూడుడు. ఎముక చేతికి తగిలినచో గాలి చాలలేదన్నమాట. కరెంటు పోయినప్పుడు పరుపు మెత్తబడుచున్నదేమో చూచుచుండవలెను.

పరుపున్నను రోగిని ఒత్తిగిలించుట మానరాదు. రెండు గంటల కొకసారి యనునది వాడుకలోనున్న లెక్క. రోగి స్థితిని, పరుపును బట్టి వైద్యులు దానిని మార్చవచ్చును. ఒత్తిగిలించునప్పుడు ఈడ్వక, ఎత్తి జరుపవలెను. పిక్కల క్రింద దిండుంచి మడమలను గాలిలో నిలుపవలెను. తలవైపును 30 డిగ్రీలకు మించి ఎత్తి చాలసేపు ఉంచినచో రోగి క్రిందికి జారి చర్మము ఒరసికొనును. ఎఱ్ఱబడినచోట మర్దన చేయుట, నడుము క్రింద చుట్టకుదురు పెట్టుట మేలుకంటె కీడే చేయును. తడిసిన బట్టను వెంటనే మార్చవలెను.

మా వీధికి దాపున, ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణము ప్రక్కన, జాతీయ పోషకాహార సంస్థ కలదు. కూనూరులో పుట్టిన ఆ పరిశోధనాలయము 1958లో హైదరాబాదు చేరినది. ఆ త్రోవన పోవునప్పుడెల్ల మాకొక సంగతి గుర్తు వచ్చును: చర్మమును నిలుపునది ఆహారము కూడ. పప్పు, పాలు, పెరుగు, గ్రుడ్డు రోగికి అందవలెను. మూత్రపిండముల వ్యాధి యున్నవారు మాత్రము వైద్యుని అడిగి తినవలెను.

మడమ క్రింద దిండు సవరించి, గోడ గడియారమునుబట్టి ఇంటిల్లిపాదియు వంతులు వేసికొంటిమి. వారము తిరుగకమునుపే మచ్చ మాసినది. బొబ్బ లేచినను, చర్మము చిట్లినను మాత్రము ఇంటివైద్యమునకు పూనుకొనక వెంటనే వైద్యునికి చూపుడు.